కంజుల పెట్టె

మార్చి 30, సోమవారం

మేత దిగింది. కంజు పిల్లలు రెండు చచ్చాయి, ఎండకే. గోనెపట్టాలు తడిపి షెడ్డుకు పడమటి వైపు కట్టాను.

సాయంత్రం నంద్యాల నుంచి రషీద్ ఫోన్ చేశాడు. నూనెపల్లె దగ్గర తను పెట్టిన హోటల్లో ఇక ప్రతి ఆదివారం కంజు పిట్టల వేపుడు ఉండాలని వాళ్లమ్మ బీబమ్మ పట్టు పట్టిందట. అక్కడ వంట ఆమెదే కాబట్టి మాట కూడా ఆమెదే. కోసి, తోలు తీసి, శుభ్రం చేసిన పిట్టలు శనివారం వాళ్లకు అందాలి. మూడు శనివారాలు చూస్తారు. నచ్చితే ఏడాది పొడుగునా మన షెడ్డు పిట్టలే. నచ్చకపోతే కర్నూలు నుంచి తెప్పించుకుంటారు.

"ప్రాణంతో తెస్తే ఒద్దన్నా. ఈడ కోసేకి జాగా లేదు. ఆడనే కోపిచ్చి చల్లగా తేవాల. చల్లగా. సమజైందా?"

సమజైందన్నాను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా ఈ ఎండల్లో కోసిన పిట్టను చల్లగా ఎట్లా తీసుకుపోతారో నాకు తెలియదని మాత్రం అనలేదు.

ఇది కుదిరితే షెడ్డు నిలబడుతుంది. ఊళ్లో ఒకటీ రెండూ కొనుక్కుపోయే వాళ్లతో నిలబడదు.

సారమ్మకు రేపు చెబుతాను.

మార్చి 31

చెప్పలేదు. ఆమె పనిలో ఉంది.

ఏప్రిల్ 1, బుధవారం

సున్నిపెంట నుంచి సుందరరాజు ఫోన్. నా బామ్మర్ది, సారమ్మ తమ్ముడు. అక్కడ ఒక గోడౌనుకు కాపలా మనిషి కావాలట, ఉండటానికి గది కూడా ఇస్తారట. ఈ నెలాఖరుకు ఏ సంగతీ చెప్పకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారు.

"బావా, ఆ పిట్టలతో యాడ ఏగుతావ్? ఈడ ఫ్యాను కింద కుర్చీ ఏసుకొని కూచునే పని."

"చూస్తాం," అన్నాను.

"చూస్తాం అంటే వచ్చేదా, రాందా?"

"చూస్తాంలే."

సారమ్మ ఫోను లాక్కుంది. "యాల అంత తొందర చేస్తావురా? వస్తాడులే. నేను చెప్తా," అంది.

అంటే ఆమెకు పోవాలనే ఉంది. తమ్ముడి పక్కన ఉండొచ్చు, ఈ వాసన తప్పుతుంది. అడగడానికేముంది, కనిపిస్తూనే ఉంది.

ఫోను పెట్టేశాక రషీద్ సంగతి చెప్పాను. "కానీ," అంది. అంతే.

ఏప్రిల్ 3, శుభ శుక్రవారం

మూడు గంటల ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట దాకా పిట్టల్ని చల్లగా తీసుకుపోయే పెట్టె గురించే ఆలోచించాను. దేవుడు క్షమించాలి.

ఏప్రిల్ 7, మంగళవారం

అవుకు చెరువు చేపలు తెచ్చే బండి దగ్గర నిలబడి చూశాను. తెల్లటి థర్మకోల్ పెట్టె, అడుగున ఐసు, మధ్యలో చేప, పైన ఐసు. పొద్దెక్కినా చేప గట్టిగానే ఉంది. చేపకు పనికొచ్చేది పిట్టకు పనికిరాదా? బండి అతన్ని అడిగితే ఒక పాత పెట్టె ఊరికే ఇచ్చాడు.

సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాను. నిమ్మచెక్క రుద్దాను. పగలంతా ఎండలో పెట్టాను. నాకు ఏ వాసనా రావడం లేదు. సారమ్మను కూడా ఒకసారి చూడమందామనుకున్నాను. ఎందుకులే.

ఏప్రిల్ 9

కిటికీ దగ్గర ఒకటే గోల. బడి నుంచి వచ్చే పిల్లలు ఐసుకు ఎగబడ్డారు. సారమ్మ పొడుగు ప్లాస్టిక్ గొట్టాల్లో రస్నా పోసి, ముడేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి అమ్ముతుంది. ఫ్రిజ్ తన కష్టంతో తనే కొనుక్కుంది. నిరుడు నేను అందులో కంజు గుడ్లు ఒక అట్ట పెడితే, తీసి నా చేతిలో పెట్టి, "ఇది నీ షెడ్డు గాదు," అంది. మళ్లీ ఆ తలుపు నేను తెరవలేదు. మంచినీళ్లు కుండలోవే తాగుతాను. కుండ నీళ్లే ఒంటికి మంచివి.

ఏప్రిల్ 11, శనివారం

మొదటి విడత.

కోళ్ల అంగట్లో కోసే ఖాజా పీర్ తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే సైకిల్ మీద వచ్చాడు. రషీద్ హోటల్‌కు బిస్మిల్లా చెప్పి కోస్తేనే చెల్లుతుంది. ఆయన కోస్తుంటే నేనూ సారమ్మా తోలు తీసి, కడిగి, కడిగినవి కడిగినట్టే పెట్టెలో సర్దాం. బస్సు వచ్చే వేళ అవుతోంది, ఊపిరి తిప్పుకోవడానికి లేదు. సారమ్మ చేయి నాకంటే చురుకు. నేను ఒకటి తీసేలోపు ఆమె రెండు తీస్తుంది. వాసనంటే గిట్టని మనిషికి ఆ చురుకు ఎక్కడిదో.

బస్సులో కండక్టరు పెట్టెను చూసి, "ఇదేందప్పా దోవకడ్డం? మనుషులు యాడ నిలబడాల?" అన్నాడు. ఒళ్లో పెట్టుకున్నాను. పక్కనున్నాయన మూత మీద వేలితో కొట్టి, గుసగుసగా, "అడివి కంజులా?" అన్నాడు. అడవి పిట్టను పడితే జైలు, ఇవి నా షెడ్డులో పొదిగినవి అని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

బీబమ్మ మూత తీసింది. వంగి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"రషీదూ, ఈయన్ని ఏం తెమ్మంటివి? పిట్టలా, చేపలా?"

"పిట్టలేమ్మా."

"మరి పిట్టలు చెరువులో మునిగి వచ్చినాయేమో అడుగు."

రషీద్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఒక పిట్టను ఉప్పూ పసుపూ వేసి ఉడికించి నాకే పెట్టింది. నిజమే. అవుకు చెరువే.

తిరుగు బస్సులో పెట్టె తేలికగా ఉంది. పిట్టలన్నీ కాలవ గట్టున కుక్కలకు వేసి వచ్చాను.

ఏప్రిల్ 12, ఆదివారం

ఎట్లయిందని సారమ్మ చర్చి నుంచి వచ్చేటప్పుడు అడిగింది. "పర్వాలేదు" అన్నాను.

"పెట్టె కుక్క నాకుతాంది ఆడ. పర్వాలేదంట," అంది.

ఏప్రిల్ 14, మంగళవారం

ప్లాస్టిక్ సామాన్ల అంగట్లో నీలం రంగు ఐసుబాక్సు తీసుకున్నాను. రెండు పొరల గోడ, గట్టి మూత, పట్టుకోవడానికి పిడి. కొత్తది, దేని వాసనా లేదు. తప్పంతా థర్మకోల్‌దే. ఈసారి సమస్య ఉండదు.

గుడ్లు బాగా పెడుతున్నాయి.

ఏప్రిల్ 18, శనివారం

రెండో విడత. బారు ఐసు కొని, కొట్టి, పిట్టల కిందా మీదా పోశాను. బస్సు ఎక్కేటప్పుడు పెట్టె మోయలేనంత బరువు. మనసు కుదుటపడింది.

శిరివెళ్ల చేరేసరికి లోపల నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు. ఐసు అంత తొందరగా కరగకూడదు. మూత తీసి చూద్దామంటే భయం. చూడకపోతే ఇంకా భయం. శిరివెళ్లలో ఒకసారి, తర్వాత ఇంకోసారి తీశాను.

"ఏమప్పా, అందులో బిడ్డ పండుకొందా? ఊరికే తీసి చూస్తాండావ్," అన్నాడు కండక్టరు. అదే కండక్టరు.

నంద్యాలలో మూత తీస్తే పిట్టలన్నీ గోరువెచ్చని నీళ్లల్లో తేలుతున్నాయి. ఉబ్బి, పాలిపోయి, చేత్తో పట్టుకుంటే జారిపోతున్నాయి. బీబమ్మ ఒకటి ఎత్తి పిండితే నీళ్లు కారాయి.

"పోయినసారి చెరువులో మునిగినాయి. ఈసారి చెరువే తెచ్చినావ్," అంది. తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "బేటా, నీ పిట్ట మంచిదే. ఎముక సన్నం, కండ ఉంది. తెచ్చే తీరే బాగలేదు. ఇంకొక్క శనివారం. ఆ తర్వాత నా కొడుకు కర్నూలుకు ఫోను కొడ్తాడు, నేను ఒద్దనలేను."

ఒక గ్లాసు టీ ఇచ్చింది. తాగి వచ్చాను.

ఏప్రిల్ 19, ఆదివారం

ప్రసంగం వినపడలేదు.

ఏప్రిల్ 20, సోమవారం

నిన్న మధ్యాహ్నమంతా ఫోన్లో పెట్టెలు చూశాను. నంద్యాలలో ఒక అంగట్లో ఉందట, సముద్రం మీద పోయేవాళ్లు వాడేది. అరచేతి మందం గోడలు, రబ్బరు అంచు మూత, అడుగున నీళ్లు పోయే బిరడా, చక్రాలు. ఐదు రోజులు ఐసు కరగదని అంగడాయన ఫోనులో ఒట్టేసి చెప్పాడు.

అదే కావాలి. దాని ఖరీదుకు సగం పిట్టల్ని అమ్మాలి. అయినా అదే కావాలి. ఆ పెట్టె ఉంటే ఎవర్నీ ఏమీ అడగనక్కరలేదు.

సారమ్మ భుజం మీదుగా తొంగిచూసి, "శవపెట్టె లెక్కుంది," అంది.

ఏప్రిల్ 21, మంగళవారం

నీలం పెట్టెలో ఉత్త ఐసు పోసి, పొద్దున షెడ్డులో పెట్టి, సాయంత్రం తీసి చూశాను. ముప్పావు భాగం అట్లాగే ఉంది.

షెడ్డులో పగలంతా ఉన్న ఐసు, బస్సులో శిరివెళ్ల దాకా కూడా ఎందుకు ఉండలేదు? పెట్టె అదే. ఎండ అదే. బస్సు కుదుపుకు ఐసు కరుగుతుందా? నేను మూత తీసి చూసినందుకా? రెండు సార్లు తీసినంత మాత్రాన మొత్తం నీళ్లవుతుందా?

సుందరరాజు మళ్లీ చేశాడు. నేను తీయలేదు.

ఏప్రిల్ 22, బుధవారం

ఇది కొంచెం వివరంగా రాసుకోవాలి.

ఇంట్లో కూరకు రెండు కంజులు కోశాం. నేనే కోశాను. తోలు తీసి కడిగాక, ఒకదాన్ని చేతిలో పట్టుకుంటే అరచేయి వెచ్చగా అయింది. నీళ్లతో కడిగినా లోపలి వెచ్చదనం పోలేదు. రెండు విడతల పిట్టల్ని చేతుల్లో పట్టుకున్నాను, ఎప్పుడూ గమనించలేదు. తొందరలో ఉన్నాను మరి.

లోపలికి పోయి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి పిట్ట కడుపులో పెట్టాను. తీసి వెలుతురుకు పట్టి చూస్తున్నాను, సారమ్మ వచ్చింది.

"ఏం చేస్తాండావ్?"

"వేడి చూస్తాండా."

"చచ్చిన పిట్టకు జ్వరం చూస్తాండావా?"

"జ్వరమే ఉంది," అన్నాను. నిజంగానే ఉంది. పాదరసం మనిషికి జ్వరమొచ్చినంత ఎత్తులో నిలిచింది.

ఆమె తలుపు చెక్కను పట్టుకొని నవ్వింది. ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి ఆమె నవ్వగా నేను చూడలేదు. కళ్లు తుడుచుకొని, థర్మామీటరు లాక్కొని, "ఇంక ఇది ఎవరి నోట్లో పెడ్తావు?" అని తీసుకుపోయి సబ్బుతో కడిగింది.

నేను అక్కడే కూర్చున్నాను. పెట్టె చలిని పోగొట్టడం లేదు. పెట్టెలోకి మేమే జ్వరాన్ని సర్దుతున్నాం. పెట్టె నిండా జ్వరమొచ్చిన పిట్టలు, వాటి మధ్య నాలుగు ఐసు ముక్కలు. ఐసు ఏం చేస్తుంది? ముందు పిట్టలు చల్లబడాలి. అంటే ముందు రోజే కోయాలి. రాత్రంతా చల్లగా ఎక్కడో ఉండాలి. అప్పుడు పెట్టె చేయాల్సిన పని, ఉన్న చలిని పట్టుకోవడం ఒక్కటే. దానికి నీలం పెట్టె చాలు.

రాత్రంతా ఎక్కడ?

ఇంట్లో అటువంటి చోటు ఒక్కటే ఉంది.

అయినా ఖాజా పీర్ ఫజర్ తర్వాతే కోస్తాడు. పగలంతా కోళ్ల అంగట్లో పని ఆయనకు. కాబట్టి ఇది కుదరదు. నంద్యాల పెట్టె సంగతే చూడాలి.

ఏప్రిల్ 23, గురువారం

ఖాజా పీర్ మేత అంగడి ముందు కనబడ్డాడు. అడిగాను. రాసుకున్నంత సులువుగా అడగలేదు, ముందు ఎండల గురించి మాట్లాడాను, ఆయన మోకాలి నొప్పి గురించి అడిగాను.

"పీరన్నా, శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయినాక నీకు తీరికుంటాదా?"

"ఉంటాది. యాల?"

"పిట్టలు అప్పుడు కోస్తావా?"

ఆయన సైకిల్ స్టాండు వేశాడు. "యెషయ్యా, నేను చీకట్లో లేసి, కాళ్లు ఈడ్చుకుంటా నీ ఇంటికి వస్తాండేది ఎవరి కోసం? నువ్వు పొద్దున అంటివి, సరే అంటి."

"నీకు పొద్దునే వీలైతాదేమో అనుకుంటి."

"నోరుంది గదప్పా నీకు! అడిగితే చెప్పనా?" అని తల కొట్టుకుంటూ పోయాడు.

ఇక మిగిలింది ఒక్కటే. సాయంత్రం సారమ్మ కిటికీ దగ్గర కూర్చొని రేపటి ఐసుకు గొట్టాలు నింపుతోంది. పోయి పక్కన నిలబడ్డాను. ఒక గొట్టం ఇచ్చి పట్టుకోమంది. పట్టుకున్నాను. ఆమె పోసింది, ముడేసింది. ఇట్లా చాలా గొట్టాలు అయ్యాయి.

"నీ ఫ్రిజ్‌లో రేపు ఒక్క రాత్రికి పిట్టలకు చోటిస్తావా?" అన్నాను.

ఆమె చేతిలో ముడి సగంలో ఆగింది. మళ్లీ వేసింది.

"ఎన్ని?"

"ఎనభై."

"నా ఐసు యాడ పోవాల?"

"అది ఆలోచించలేదు," అన్నాను.

"స్టీలు డబ్బాల్లో మూతలు పెట్టి పెడ్తేనే. వాసన నా ఐసుకు అంటితే ఒక్క పిల్లోడు రాడు కిటికీ కాడికి. కింది రెండు అరలూ నీకు. పైది నాది, దాని జోలికి రావద్దు." ఇంకో గొట్టం తీసుకొంది. "ఇది అడిగేకి నీకు ఇన్ని దినాలు పట్టిందా? ఆ చేపల పెట్టెను కడుగుతాంటే చూస్తాంటి. ఈ పొద్దు అడుగుతాడు, రేపు అడుగుతాడు అని."

"గుడ్లు తీసేస్తివి గదా నిరుడు."

"అడక్కుండా పెడ్తివి. అందుకు తీసేస్తి."

గొట్టంలో ఈసారి రంగు పోయలేదు. ఉత్త నీళ్లు పోసి ముడేసింది. ఎందుకన్నాను.

"బారు ఐసు పోస్తే నీళ్లయి పిట్టలు నానవా మరి? ముడేసిన ఐసు యాడ కారుతాది?"

ఇంకో ఖాళీ గొట్టం తీసి ఆమెకు పట్టాను.

ఏప్రిల్ 24, శుక్రవారం

కోయడం అయింది. తీరిగ్గా అయింది. ఖాజా పీర్ టీ తాగి, కథలు చెప్పి మరీ పోయాడు. కడిగిన పిట్టల్ని గుడ్డ మీద ఆరబెట్టి, తడి లేకుండా తుడిచి, డబ్బాల్లో పెట్టాం. ఫ్రిజ్ తలుపు సారమ్మే తెరిచింది.

పిల్లలకు ఈ పూట ఐసు లేదని చెప్పింది. వాళ్లు కిటికీని తన్నిపోయారు.

నీలం పెట్టెలో కూడా రెండు చల్లటి గొట్టాలు వేసి మూసింది. పెట్టె కూడా ముందే చల్లబడాలట. ఇది నాకు తట్టలేదు.

ఏప్రిల్ 25, శనివారం

పొద్దున పిట్టను ముట్టుకుంటే వేలు జివ్వుమంది. గట్టిగా, పొడిగా ఉన్నాయి. ఒక వరస పిట్టలు, ఒక వరస గొట్టాలు, మళ్లీ పిట్టలు. సందు లేకుండా సర్దింది సారమ్మ. ఉత్త నీళ్ల గొట్టాలు చాలలేదు. పై వరసకు తన నారింజ రంగు రస్నా గొట్టాలే తీసి పరిచింది.

"నేను గూడా వస్తా," అని చీర మార్చుకొచ్చింది.

బస్సు నిండుగా ఉంది. కండక్టరు మమ్మల్ని చూడగానే, "మళ్లీ తెస్తివా నీ బిడ్డను?" అన్నాడు. సారమ్మ పెట్టెను డ్రైవరు వెనక పెట్టించి దాని మీద కూర్చుంది. నేను కమ్మీ పట్టుకొని నిలబడ్డాను.

శిరివెళ్లకు ఇవతల టైరు పోయింది. స్టెప్నీలో కూడా గాలి లేదు. అందరం దిగి ఒక వేపచెట్టు కిందికి చేరాం. నంద్యాల నుంచి ఇంకో బస్సు రావాలి. వేడి నేలలోంచి కొడుతోంది.

"ఒక్కసారి తీసి చూస్తా," అన్నాను.

సారమ్మ పెట్టె మీద నుంచి కదల్లేదు. "తీస్తే చలి పోతాది."

"కరిగినాయేమో."

"కరిగితే నువ్వు చూస్తే గడ్డకడ్తాయా? కూచో ఈడ."

పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె కొంగుతో పెట్టె మూతకు గాలి విసురుతోంది, పెట్టెకు ఉక్కపోస్తున్నట్టు.

విసురుతూనే, "నీకు సున్నిపెంటకు పోవాలని ఉందా?" అంది.

చూస్తాం అనబోయాను. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"లేదు," అన్నాను.

"యాల చెప్పలేదు?"

"నీకు పోవాలని ఉందేమో అని. తమ్ముడు ఉన్నాడని."

"నాకేముంది ఆడ? నా కిటికీ యాడుంది ఆడ? నువ్వు ఈ పిట్టలతో ఇసిగినావేమో, ఫ్యాను కింద కూచుంటావేమో అని, వస్తాడులే అని వానికి చెప్తి." చెట్టు మీదికి చూసింది. "ఇద్దరం కలిసి ఇష్టం లేని ఊరికి మూటాముల్లె కట్టుకొని పోతాంటిమి."

బస్సు రాలేదు. చివరికి వెనక నుంచి వచ్చిన ఇంకో బస్సులో మమ్మల్ని కుక్కారు. ఆమె పెట్టె మీదే కూర్చుంది.

హోటల్‌కు చేరేసరికి వంట పొయ్యిలు వెలిగి ఉన్నాయి. రషీద్ గడియారం వైపు చూశాడు. బీబమ్మ చేతులు తుడుచుకొని మూత తీసింది. పైనంతా నారింజ రంగు గొట్టాలు. మెత్తబడ్డాయి కానీ నడుమ ఐసు పుల్లలా గట్టిగానే ఉంది.

"ఇదేందిరా, ఐసు అమ్మేకి వచ్చినారా?" అంది. గొట్టాలు తోసి చేయి లోపలికి పెట్టింది, మోచేతి దాకా. చేయి వెంటనే తీయలేదు. మూలల్లో, అడుగున తడిమింది. ఒక పిట్టను తీసి వాసన చూసింది, వేలితో రొమ్ము నొక్కింది. నొక్కిన చోటు వెంటనే పైకి లేచింది.

"సల్లగుంది," అంది రషీద్‌తో. "పొడిగుంది. కర్నూలుకు ఫోన్ చేయొద్దు."

రషీద్ ఊపిరి వదిలి, "ఎట్ల సర్దినావన్నా?" అన్నాడు.

"నేను కాదు," అన్నాను. సారమ్మను చూపించాను.

బీబమ్మ సారమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, నారింజ గొట్టం ఒకటి కొరికి చప్పరిస్తూ, "పోయిన రెండుసార్లూ ఈమెను యాల తేలేదు నువ్వు?" అని నన్ను అడిగింది.

ఏప్రిల్ 26, ఆదివారం

ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల దగ్గర నిలబడి సారమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది.

"రాంరా. లేదు, ఆయనకు ఇష్టం లేక కాదు... ఇష్టం లేకనే. నాగ్గూడా లేదు. కుర్చీ ఎవరికన్నా ఇయ్యి."

సుందరరాజు నన్ను ఇవ్వమన్నాడు. "ఏం బావా, మా అక్కను పిట్టల్లో పడేస్తివా?"

"ఆమే పడింది," అన్నాను.

పాటల పుస్తకంతో వీపు మీద ఒకటి వేసింది.

సాయంత్రం రషీద్ ఫోన్. వేపుడు మధ్యాహ్నానికే అయిపోయిందట. వచ్చే శనివారం నూట ఇరవై తెమ్మన్నాడు.

ఏప్రిల్ 28, మంగళవారం

నూట ఇరవైకి నీలం పెట్టె చాలదు. నంద్యాలకు ఇద్దరం పోయి పెట్టెలు చూశాం. చక్రాల పెట్టెను అంగడాయన మళ్లీ పొగిడాడు. ఐదు రోజులు ఐసు కరగదన్నాడు.

"మావి ఆదివారం మధ్యాహ్నానికి తినేస్తారప్పా, ఐదు దినాలు ఏం జేసుకోవాల?" అంది సారమ్మ.

ఆమె పెట్టెల్ని చూసే తీరు వేరు. గోడ మందం వేళ్లతో కొలిచింది. మూత వేసి, అంచు వెంట నాలుకతో తడిపిన వేలు తిప్పి గాలి వస్తుందా అని చూసింది. బిరడా తీసి, నీళ్లు పోయించి, పోతాయా అని చూసింది. చివరికి ఒక్కొక్క దాని మూత మీదా కూర్చుంది. అంగడాయన, "అమ్మా, అది కుర్చీ గాదు," అన్నాడు. మూడోదాని మీద కూర్చొని కొంచెం కదిలి చూసి, "ఇది," అంది.

ఆకుపచ్చది. నేను అనుకున్న పెట్టె ఖరీదులో సగం కూడా కాలేదు.

మే 2, శనివారం

నూట ఇరవై. అన్నీ చల్లగా.

బస్సులో అదే కండక్టరు. టికెట్లు కొడుతూ వచ్చి కొత్త పెట్టెను చూసి ఆగిపోయాడు. "ఇది మరీ పెద్దదైపాయె. దీనికి లగేజీ కొట్టాల్సిందే."

సారమ్మ దాని మీద కుదురుగా కూర్చొని కొంగు సర్దుకుంది. "సీటు ఇచ్చినావా నాకు? ఇయ్యలేదు. నా సీటు నేనే తెచ్చుకొంటి. దానికి లగేజీ ఏంది?"

అతను నా వైపు చూశాడు. "ఏమప్పా, నువ్వేమంటావు?"

"ఆమెను అడగాల," అన్నాను.